చాప టీచర్ ఓపిక

మా ఇంట్లో కోడళ్ళం ఇద్దరం. పెద్దదాన్ని నేను, నోరు నాది. చిన్నది ఆమె, ఓపిక ఆమెది. అలా వాటాలు పడ్డాయని మా మరిది, అంటే ఆమె భర్త, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. అతను బస్సు నడుపుతాడు. "మా ఆవిడ ఓపికంతా బడిపిల్లలకే పంచేసి వస్తుంది వదినా. నేను ఇల్లు చేరేసరికి గిన్నె అడుగున మాడు కూడా మిగలదు" అని నా దగ్గర వాపోయేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు ఆ నవ్వు లేదు. ఆమె ఎలాంటి పంతులమ్మో ఒక్క పూటైనా చూడనివాళ్ళు కూడా ఆమె గురించి తలో మాటా అంటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. చూసినదాన్ని నేనున్నాను కదా, నేను చెబుతాను.

చిన్నప్పుడు ఆమెకి నత్తి ఉండేదట. బడిలో లేచి చదవమంటే మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేదట. వాళ్ళ పంతులమ్మకి అంత తీరిక ఎక్కడిది? సగం మాట వినకుండానే మిగతాది తనే పూర్తి చేసేసి "కూర్చో" అనేదట. వెనక నుంచి కిసుక్కున నవ్వులు. దాంతో ఈమె కొన్నేళ్ళు బడిలో అసలు నోరే విప్పలేదు. "నత్తి కంటే అదే ఎక్కువ బాధ పెట్టిందక్కా. నా మాట నన్ను పూర్తి చేసుకోనిచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు" అని ఒకసారి కూరగాయలు తరుగుతూ నాతో అంది. పెద్దయ్యాక నత్తి దానంతటదే తగ్గిపోయింది. పంతులమ్మ అయ్యాక మాత్రం ఆమె ఏ పిల్లనీ తొందరపెట్టలేదు.

ఆమె పనిచేసిన బడి వెనక పెద్ద సంస్థలేమీ లేవు. ఒక పెద్దావిడ, ఎక్కడెక్కడో పాఠాలు చెప్పి విసిగిపోయి, తన రెండంతస్తుల ఇంట్లోనే సొంతంగా పెట్టుకున్న బడి అది. ఐదో తరగతి వరకే. కింది అంతస్తులోని పొడుగాటి గది చిన్నపిల్లలది. నాలుగేళ్ళవాళ్ళ దగ్గర్నుంచి రెండో తరగతి వాళ్ళ దాకా అందరూ అక్కడే కలిసి ఉంటారు. ఆ గదిలో బెంచీల వరసలు లేవు, బోర్డు లేదు, గంట కొట్టరు, పరీక్షలు పెట్టరు. గోడ వెంబడి పిల్లలకి అందే ఎత్తులో అరలు, అరల నిండా ట్రేలు. పూసలు, దారాలు, నీళ్ళు ఒంపుకునే చిన్న జగ్గులు, చెక్క దిమ్మెలు, గరుకు కాగితంతో కత్తిరించి అట్టలకి అంటించిన అక్షరాలు. పిల్లలు పొద్దున వచ్చి తమకి కావలసిన ట్రే తీసుకుని, నచ్చిన చోట చిన్న చాప పరుచుకుని పని చేసుకుంటారు. పనిలో ఉన్న పిల్లని ఎవరూ కదిలించకూడదు, టీచరు కూడా. పిల్ల అడిగితే సాయం చేయాలి, అడగకపోతే చూస్తూ ఉండాలి.

"ఈ మాత్రం ఆటలు మన వరండాలో ఆడించలేనా? దీనికి బడి అని బోర్డు కూడానా!" అని మొదటిసారి చూసినప్పుడు నేను నోరు పారేసుకున్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. "ఒకరోజు వచ్చి కూర్చోక్కా" అంది.

వెళ్ళి కూర్చున్నాను. ఆమెకి ఆ గదిలో కుర్చీ లేదు. ఒక మూల తనూ చాప మీదే. అందుకే పిల్లలు చాప టీచర్ అని పిలిచేవాళ్ళు, పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది. ఆ కూర్చోవడం కూడా ఎలాగనుకున్నారు? రెండు అరచేతులూ తొడల కింద పెట్టేసుకుని.

"ఇదేం కూర్చోవడమే, చలేస్తోందా?" అన్నాను.

"చేతులు ఊరుకోవక్కా. పిల్ల పూస గుచ్చలేక అవస్థపడుతుంటే వాటంతటవే వెళ్ళిపోతాయి. నేను గుచ్చేస్తే అది నేను చేసిన పనైపోతుంది" అంది.

ఆ ఏడే ఒక పిల్ల వచ్చింది. రెండు బళ్ళవాళ్ళు మొద్దు అని తిప్పి పంపేసిన పిల్ల. వచ్చిన రోజే నీళ్ళ జగ్గులు పెట్టే బల్ల కింద దూరి కూర్చుంది. మర్నాడూ అంతే. వారాలు గడిచాయి, బల్ల కిందే. ఇంకెవరైనా అయితే చెయ్యి పట్టుకుని బయటికి లాగేవాళ్ళు. నేనైతే వీపు మీద ఒకటిచ్చి మరీ లాగేదాన్ని. మా తోడికోడలు తన చాప తీసుకెళ్ళి ఆ బల్ల పక్కనే పరుచుకుంది. కొన్నాళ్ళకి ఆమె కూడా బల్ల కిందికే మకాం మార్చింది. ఒకరోజు ఆ పిల్ల తండ్రి వచ్చి "టీచరుగారేరండీ?" అని గదంతా వెతుకుతుంటే, కింది నుంచి "ఇక్కడున్నానండీ" అని వినిపించింది. ఆయన వంగి చూసి ఏమనాలో తెలియక "నమస్కారం" అన్నాడు. ఆ సంగతి చెప్పుకుని మేం ఎన్నిసార్లు నవ్వుకున్నామో! ఏడాది తిరక్కుండా ఆ పిల్ల తనంతట తనే బయటికొచ్చి, ఇద్దరు బుడతల్ని ముందు కూర్చోబెట్టుకుని పుస్తకం చదివి వినిపించింది. తండ్రి గుమ్మం బయట నించుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. ఆ తర్వాత ఆ బడిని నేను ఒక్క మాట అనలేదు.

ఆ నమ్మకంతోనే మా మనవరాలిని నాలుగేళ్ళు దాటాక అక్కడ చేర్చాం. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు కాబట్టి పిల్ల పగలంతా నా చేతుల్లోనే. మేం కింద, మా మరిదివాళ్ళు పైన, ఒకటే ఇల్లు. సన్నగా ఉండి, ఎప్పుడూ తనలో తను ఏదో గొణుక్కుంటూ తిరిగేది కాబట్టి అందరం దాన్ని పిట్ట అనేవాళ్ళం. మా తోడికోడలికి పిల్లల్లేరు. పిట్టంటే ప్రాణం. పుట్టినప్పటి నుంచీ కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంది. బడిలో మాత్రం ఎక్కువ తక్కువలు లేవు. "గేటు లోపల నేను టీచర్ని, గేటు బయట చిన్నమ్మమ్మని" అని దానికి మొదటిరోజే చెప్పేసింది. పిట్ట గేటు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి "ఇప్పుడు నువ్వెవరు?" అని అడిగిందట.

పిట్ట పని చేసుకునే తీరు చూడముచ్చటగా ఉండేది. గరుకు అక్షరాల అట్ట ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేలితో మెల్లగా తడిమేది. ఒకసారి తడిమిన అక్షరం మళ్ళీ మరిచేది కాదు. కథ ఒక్కసారి వింటే చాలు, పుస్తకం ముందు పెట్టుకుని, సరిగ్గా తిప్పాల్సిన చోట పేజీ తిప్పుతూ మొత్తం అప్పజెప్పేసేది. గోడ మీద బొమ్మ ఉంటే ముక్కు ఆనించి మరీ చూసేది. "దాని శ్రద్ధ చూశావా అక్కా? బొమ్మలోకి వెళ్ళిపోతుంది" అని మురిసిపోయేది మా తోడికోడలు. వేరే బళ్ళ నుంచి టీచర్లు చూడటానికొస్తే, దూరం నుంచే పిట్టని చూపించి "ఈ పాప చేతులతో చదువుతుంది" అని చెప్పేది. వాళ్ళు కూడా తలలూపి, ఫోటోలు తీసుకుని వెళ్ళేవాళ్ళు.

మొదటి తరగతి అయిపోయింది. రెండోది కూడా సగం దాటింది. పిట్ట కొత్త పుస్తకం ఇస్తే మాత్రం చదివేది కాదు. పక్కకి పెట్టి పాత కథే అందుకునేది. మా అమ్మాయికి దిగులు పట్టుకుంది. ఒక సాయంత్రం పైకి వెళ్ళి అడిగేసింది.

"పిన్నీ, పక్కింటి పిల్ల అట్ట మీద రాసినవి, డబ్బా మీద రాసినవి అన్నీ చదివేస్తోంది. ఇది వచ్చిన కథే మళ్ళీ మళ్ళీ అప్పజెబుతోంది. నువ్వొకసారి దగ్గర కూర్చోబెట్టుకుని గట్టిగా చూడరాదూ?"

"అది సిద్ధమవుతోందే. తొందరపెట్టకు. నన్ను తొందరపెట్టి ఎన్నేళ్ళు నా నోరు మూయించారో నీకు తెలుసుగా?" అంది ఆమె.

మా అమ్మాయి కిందికి దిగి వచ్చేసింది. బల్ల కింది పిల్ల కథ మా అందరికీ తెలిసిందే కదా. ఇంట్లో కూడా మాకు వేరే అనుమానం రాలేదు. పుట్టి పెరిగిన ఇల్లు, ప్రతి మెట్టూ దానికి కంఠతా వచ్చు. గబగబా ఎక్కేది, గబగబా దిగేది. టీవీకి అతుక్కుపోయి చూసేది, ఏ ఇంట్లో పిల్లలు చూడరు?

మూడో తరగతికి పిల్లలు పై అంతస్తుకి వెళతారు. అక్కడ బెంచీలుంటాయి, బోర్డు ఉంటుంది, మాస్టారు రాసింది చూసి రాసుకోవాలి. పిట్ట తన స్నేహితురాలి పక్కన వెనక బెంచీలో కూర్చుంది. మొదటి వారం బాగానే రాసింది. పక్క పుస్తకంలో చూసి రాస్తోందని మాస్టారికి అనుమానం వచ్చి స్నేహితురాలిని వేరే చోటికి మార్చాడు. ఆ రోజు పిట్ట పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మంచివాడు, కసరలేదు. బెంచీ తర్వాత బెంచీ ముందుకి జరిపి చూశాడు. మొదటి బెంచీలో కూడా రాయలేదు. బోర్డు దగ్గరికి తీసుకెళితే, ముక్కు ఆనించి రెండు మాటలు కూడబలుక్కుని చదివింది.

ఆ సాయంత్రం నేను పిల్లని తీసుకెళ్ళడానికి గేటు దగ్గర ఉన్నాను. మా తోడికోడలు కూడా చెప్పులేసుకుని వచ్చింది. మాస్టారు గబగబా మెట్లు దిగి వచ్చి, "పాపకి బోర్డు కనిపించట్లేదనుకుంటానండీ" అన్నాడు.

"కనిపించకపోవడమేంటి మాస్టారూ! ఇంకా మనసు కుదరలేదు దానికి. మూడేళ్ళకి పైగా రోజంతా దాన్నే చూశాను, నాకు తెలియదా?" అంది ఆమె.

ఆయన వాదించలేదు. "ఒక్కసారి మీరే చూడండి మేడమ్" అన్నాడు.

పొడుగాటి గది ఖాళీగా ఉంది. మా తోడికోడలు పిట్టని గుమ్మం దగ్గర నించోబెట్టి, తను అటు చివర కిటికీ దగ్గరికి వెళ్ళి, బొటనవేలంత అక్షరాలతో మాట రాసి ఉన్న అట్ట ఒకటి ఎత్తి చూపించింది.

"పిట్టా, దీని మీద ఏముందమ్మా?"

పిట్ట తల పక్కకి వాల్చింది. "అది ఏ ట్రేలోది?"

"ట్రే సంగతి వదిలెయ్. ఏముందో చెప్పు."

"నువ్వు చెప్పు చిన్నమ్మమ్మా. చెబితే కనిపిస్తుంది."

ఆమె కొంచెం ముందుకొచ్చి మళ్ళీ అడిగింది. "నీ చేతిలో తెల్లగా ఉంది" అంది పిట్ట. ఇంకొంచెం ముందుకొచ్చింది. పిట్ట నవ్వుతూ, ఇదేదో కొత్త ఆట అనుకుని, "తెల్లగానే ఉంది" అంది. దాదాపు మీదికొచ్చేసరికి చెయ్యి చాచి అట్టని తడమబోయింది. మా తోడికోడలు చటుక్కున అట్ట వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకుండా చెప్పు."

ఆ గదిలో దాన్ని ముట్టుకోవద్దన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. పిల్ల ముఖం చిన్నబోయింది. "ముట్టుకోకపోతే ఎలా తెలుస్తుంది?" అంది.

మా తోడికోడలు ఉన్నచోటే కూలబడిపోయింది. నా వైపు చూసి "అక్కా, మూ... మూ... మూ..." అని ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళుగా లేని నత్తి. ఆమె ఆ మాట పూర్తి చేసేదాకా నేను ఆగాను. "మూడేళ్ళు" అంది.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, అద్దాలు మార్చి మార్చి చాలాసేపు చూసింది. పిట్టని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మా అమ్మాయికి నెమ్మదిగానే చెప్పింది. పుట్టుకతోనే రెండు కళ్ళకీ పవర్ చాలా ఎక్కువ ఉంది. కన్ను స్పష్టమైన బొమ్మ పంపకపోతే మెదడుకి చూడటం అలవాటు కాదు. చిన్నప్పుడే అద్దాలు పెట్టి ఉంటే అలవాటయ్యేది. ఇప్పుడు అద్దాలు పెట్టినా కుడికన్ను కొంతవరకే చూస్తుంది. ఎడమది మరీ వెనకబడింది. కుడికన్నుకి పట్టీ వేసి ఎడమకన్ను చేత రోజూ పని చేయించాలి, ఈ వయసులో ఎంత వస్తే అంత.

"ఇలాంటి పిల్లలు మా దగ్గరికి మామూలుగా ఐదారేళ్ళకే వచ్చేస్తారు. బోర్డు మీద చూసి రాయట్లేదని బడివాళ్ళే పంపిస్తారు. వీళ్ళ బడిలో ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

మా తోడికోడలు, "మా గదిలో బోర్డు ఉండదండీ" అంది.

నాకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. పిల్లల్ని బెంచీకి కట్టేసే బడిలో వేసి ఉంటే దాన్ని ముందు కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకే దాని కళ్ళ సంగతి బయటపడేది. ఇక్కడ ఎవరూ కట్టేయలేదు. కావలసినంత దగ్గరికి వెళ్ళనిచ్చారు, కావలసినంత తడమనిచ్చారు. కనిపించక పిల్ల పడిన తంటాలన్నిటికీ శ్రద్ధ అని పేరు పెట్టుకుని మురిసిపోయారు. అదేమో పాపం, చూడటమంటే అందరికీ ఇంతేననుకుంది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో మా అమ్మాయి "నాకెందుకు చెప్పలేదే?" అంటే, "ఏం చెప్పాలి?" అని అడిగింది.

అద్దాలు వచ్చిన రోజు పిట్ట అందరి ముఖాల్లోకీ తొంగి చూసింది. మా తోడికోడలి ముఖం దగ్గర ఆగిపోయింది. "చిన్నమ్మమ్మా, నీ గడ్డం మీద ఈ మచ్చ ఎప్పుడొచ్చింది?" అంది. పుట్టుమచ్చ అది. ఆమె నవ్వడానికి ప్రయత్నించి, "నువ్వు చూస్తావని ఇవాళే వచ్చిందమ్మా" అంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చింది. నేను తలుపు దగ్గరికి వేసి బయట నించున్నాను.

పెద్దావిడ ఊరుకోలేదు. బడిలో పిల్లలందరికీ కళ్ళు, చెవులు పరీక్ష చేయించింది. ఇక నుంచి ఏటా చేయించాలని పెట్టింది. "తప్పు బడిది, నీ ఒక్కదానిదీ కాదు" అని మా తోడికోడలికి పదే పదే చెప్పింది. తల్లిదండ్రుల్ని పిలిచి ఆ సంగతే చెప్పబోతుంటే ఒకాయన లేచాడు. "స్వేచ్ఛ స్వేచ్ఛ అని ఒక పిల్ల కళ్ళు పోగొట్టారు" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆ పిల్ల అమ్మమ్మని నేను. అనాలంటే నేననాలి. మీరు కూర్చోండి" అన్నాను. కూర్చున్నాడు. మా తోడికోడలు మాత్రం ఆ మాట అన్నాయన వైపే చూస్తూ తలూపుతోంది, నిజమేనన్నట్టు. ఆయన్ని కూర్చోబెట్టగలిగాను కానీ ఆ తల ఊపడం ఆపలేకపోయాను.

ఆ తర్వాత ఆమె ఆ గదిలో ఇంకో మనిషైపోయింది. చేతులు కింద పెట్టుకుని కూర్చోవడం పోయింది. పిల్లలు పని చేసుకుంటుంటే మధ్యలో లేపి, గుమ్మం దగ్గర నించోబెట్టి, అట్టలు చూపించి చదవమనేది. మొన్ననే పరీక్ష చేశారు కదా అంటే వినేది కాదు. ఎవరైనా ఒక మూల నిశ్శబ్దంగా ఉంటే ఆమెకి కాలు నిలిచేది కాదు. నీళ్ళు ఒలికితే పరుగు, పూస జారితే పరుగు. పిల్లలు ట్రేలు తీసుకుని ఆమెకి దూరంగా ఉన్న మూలలకి జరిగిపోవడం మొదలుపెట్టారు. పెద్దావిడే ఒకరోజు నాకు ఫోన్ చేసి, "మీరైనా కాస్త చెప్పండమ్మా, ఆవిడ నిద్రపోతోందా అసలు?" అని అడిగింది.

నేను చెప్పేలోపే ఆమె బడి మానేసి వచ్చింది.

"నీకేమన్నా మతిపోయిందా? పోయినదాంతో పాటు ఉన్నది కూడా పారేసుకుంటావా?" అని గట్టిగానే కేకలేశాను. "నీలాంటిది వాళ్ళకి మళ్ళీ దొరుకుతుందా? నీకు ఆ గది తప్ప ఇంకేం తెలుసే?"

"ఆగలేకపోతున్నానక్కా" అంది. "ఇవాళ ఒక పిల్ల ఏదో చెప్పడానికి మాట వెతుక్కుంటోంది. మధ్యలోనే నేను అందుకుని పూర్తి చేసేశాను. అది నోరు మూసుకుంది. దాని ముఖం చూశాక ఇక అక్కడ ఉండకూడదనిపించింది."

మా మరిది ఆ రోజు ఏ జోకూ వేయలేదు. గుమ్మంలో ఆమె చెప్పుల పక్కనే కూర్చుని బూట్లు విప్పుకున్నాడు, అన్నం పెట్టమని కూడా అడగలేదు.

ఇక మిగిలింది పిట్ట ఎడమకన్ను ఒక్కటే. బడి నుంచి రాగానే కుడికన్ను మీద పట్టీ అంటించి, రెండు గంటలసేపు ఎడమకన్నుతో పని చేయించాలి. బొమ్మల్లో తేడాలు వెతకాలి, గీతల మీద గీతలు దిద్దాలి, అక్షరాలు చదవాలి. ఆ పని నాకివ్వండని మా తోడికోడలు బతిమాలి తీసుకుంది. మొదట్లో కొంచెం ఫలితం కనిపించింది. డాక్టరమ్మ గది గోడ మీది అక్షరాల్లో పై వరస ఒకటి, తర్వాత రెండోది చదివింది పిట్ట. ఆ రోజు మా తోడికోడలు మెట్లెక్కుతూ కూనిరాగం తీయడం విన్నాను. బాగుపడుతుందిలే, పిల్ల కన్నూ బాగుపడుతుంది, ఈమె కూడా బాగుపడుతుంది అనుకున్నాను.

మూడో వరస దగ్గర ఆగిపోయింది. నెలలు గడిచినా కదల్లేదు. అది కదలని కొద్దీ ఆమె తొందర ఎక్కువైంది.

"చూడు. ఇదేంటి? చెప్పు, చెప్పు. అదుగో, తడమకు! కళ్ళతో చూడు. మళ్ళీ చూడు."

ఎడమకన్నుతో దానికి లోకమంతా మసక. పట్టీ జిగురుకి చర్మం ఒరిసి ఎర్రగా అయ్యేది. పిల్ల కళ్ళజోడు తడిసిపోయేలా ఏడ్చేది. నేను ఉండబట్టలేక, "కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే దాన్ని. నువ్వేనా ఇలా చేసేది?" అనేదాన్ని.

"టైం లేదక్కా. ఈ వయసు దాటితే ఇంక రాదని డాక్టరమ్మ చెప్పింది కదా. నువ్వు కూడా విన్నావుగా" అనేది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు అడ్డుపడే దారి కూడా లేకపోయింది.

పైన ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పిట్ట మంచం వెనక్కి దూరేది. నాలుగేళ్ళప్పుడు ఆమె భుజం దిగనన్న పిల్ల! నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆమె ముందు కూర్చోబెట్టేదాన్ని. ఆమె చూడనట్టే పట్టీ కాగితం విప్పేది. చూసిందని నాకు తెలుసు.

ఈ మధ్యే మళ్ళీ కంటి ఆసుపత్రికి వెళ్ళాం, నేనూ తనూ పిట్టని తీసుకుని. డాక్టరమ్మ పరీక్ష చేసి, పిల్లని బయట బొమ్మల దగ్గరికి పంపించి, మమ్మల్ని కూర్చోమంది.

"రావలసినంత వచ్చిందమ్మా. చాలా రోజుల నుంచీ ఒక్క దగ్గరే ఉంది. ఇక పట్టీ తీసేయండి. అద్దాలు ఎప్పుడూ ఉండాలి, ముందు బెంచీలో కూర్చోవాలి. కుడికన్నుతో చదువుకుంటుంది, ఫరవాలేదు."

"ఇంకొన్నాళ్ళు చేస్తానండీ. ఇంకో గంట పెంచి చేస్తాను" అంది మా తోడికోడలు.

"లాభం లేదమ్మా. పిల్లని బాధపెట్టడమే అవుతుంది."

"మీరు ఒప్పుకుంటే పొద్దునపూట కూడా..."

డాక్టరమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసి, "మీరు చేయగలిగిందంతా చేశారు" అంది. ఆ మాటతో ఆమె లేచి నించుంది. పిట్ట మా ఇద్దరి మధ్యా చేతులు ఊపుకుంటూ నడిచింది. రోడ్డు దాటేటప్పుడు ఎడమ వైపు నుంచి వచ్చిన సైకిల్‌ని అది చూడలేదు. నేనే వెనక్కి లాగాను.

ఇంటికొచ్చాక పిట్ట అలవాటు ప్రకారం తనంతట తనే పట్టీల డబ్బా తీసుకొచ్చి ముందు పెట్టి, ఏడుపు ముఖంతో కళ్ళజోడు తీసి కూర్చుంది. మా తోడికోడలు దాని ఎదురుగా కూర్చుని కళ్ళజోడు మళ్ళీ దానికి పెట్టింది.

"ఇక పట్టీ లేదు పిట్టా."

"ఇవాళ లేదా?"

"ఎప్పుడూ లేదు."

"నిజంగా? రేపు కూడా? ఎల్లుండి కూడా?" పిల్ల ఎగిరి లేచింది. గంతులేసింది. గది చుట్టూ తిరిగింది, వచ్చి నా నడుము చుట్టేసింది. దానికేం తెలుసు? మందు పనిచేయలేదు కాబట్టి ఆపేశారని ఆ పసిదానికి ఎవరు చెబుతారు? అది గెలిచినట్టే గంతులేస్తోంది. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగి, చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, బాగా దగ్గరగా ముఖంలోకి చూసింది.

"అయితే చిన్నమ్మమ్మా, ఇక నువ్వు రోజూ రానక్కర్లేదుగా?"

నేను "ఏమే!" అని గదమబోయాను. మా తోడికోడలు వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కర్లేదమ్మా" అంది.

"హమ్మయ్య!" అని పిట్ట పక్కింటి పిల్లకి చెప్పడానికి వీధిలోకి పరుగెత్తింది. దాని సంతోషం చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. పట్టీల డబ్బా నా చేతికిచ్చి, పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె కిందికి రావడం మానేసింది.